రైలు నడిపే సర్కారు - పట్టాలు కడిగే కులం

రైలొస్తే కులం కరిగిపోతుందని 1853లోనే కార్ల్ మార్క్స్ రాశాడు. ఆ ఏడాది ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకు ఈ దేశంలో మొదటి పాసింజరు బండి నడిచింది. ఆగస్టులో న్యూయార్క్ పత్రికలో అచ్చయిన వ్యాసంలో ఆయన వేసిన అంచనా ఇది: రైల్వేల వెంట ఆధునిక పరిశ్రమ వస్తుంది, కులాలు ఏ వంశపారంపర్య శ్రమ విభజన మీద నిలబడి ఉన్నాయో దాన్ని ఆ పరిశ్రమ కూలదోస్తుంది. మన ప్రాంతపు కమ్యూనిస్టు మిత్రులు ఈ మాటను చాలాకాలం మనకు అప్పజెప్పారు. పరిశ్రమ రానీయండి, కులం దానంతటదే పోతుందన్నారు.

రైలొచ్చి 170 ఏళ్ళు దాటింది. మార్క్స్ చూడని సంగతి ఒకటుంది. ఈ దేశంలో రైలును నడిపింది చివరికి సర్కారు. సర్కారు అంటే ఫైలు, కేడరు, గ్రేడు, సీనియారిటీ లిస్టు. కులం రైల్వేలోకి వచ్చినప్పుడు పంచె కట్టుకొని, జంధ్యం వేసుకొని రాలేదు. కేడరు రూపంలో వచ్చింది. ఏ పనికి ఎవరిని తీసుకోవాలి, ఎవరిని ఎక్కడిదాకా ఎదగనివ్వాలి, ఏ పనిని పనిగా లెక్కించాలి, దేన్ని కాంట్రాక్టరుకు వదిలెయ్యాలి - కులం కూచున్నది ఈ నిర్ణయాల్లోనే. మన ప్రాంతపు పాసింజరు రైళ్ళను నడిపిన సంస్థల చరిత్రను ఈ వైపు నుంచి చదవాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం.

ఎవరి డబ్బుతో వేసిన పట్టాలు

సికింద్రాబాదు నుంచి వాడి దాకా రైలు 1874లో మొదలైంది. వాడి దగ్గర అది బొంబాయి-మద్రాసు లైనులో కలిసింది. నిజాం ఖజానా సొమ్ముతో వేసిన లైను ఇది. 1883లో దీన్ని ఇంగ్లండులో పెట్టిన ఒక కంపెనీకి అప్పగించారు. కంపెనీ పెట్టుబడికి 20 ఏళ్ళపాటు 5 శాతం వడ్డీ నిజాం ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చింది. అందుకే దాని పేరులో 'గ్యారంటీడ్' అన్న మాట ఉండేది. లాభమొస్తే కంపెనీది, రాకపోతే పూడ్చేది రాజ్యం ఖజానా. ఆ ఖజానా నిండింది రైతు శిస్తుతో. ఆ శిస్తు పండిన పొలాల్లో వెట్టి చేసింది మాల మాదిగలు. కనుక ఆ పట్టాల్లో మనోళ్ళ వాటా మొదటిరోజు నుంచీ ఉంది. కాకపోతే ఏ లెక్కల పుస్తకంలోనూ అది కనపడదు.

1889 నాటికి ఈ లైను బెజవాడకు చేరింది. 1900 ప్రాంతంలో గోదావరి లోయ లైను హైదరాబాదును మన్మాడుతో కలిపింది. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ దగ్గర్నుంచి రైల్వేను కొనేసింది. 1932లో ఆ రైల్వే శాఖే 27 బస్సులతో రోడ్డు రవాణా కూడా మొదలుపెట్టింది. తర్వాతి ఆర్టీసీకి మూలం అదే. అటు కోస్తాలో 1908 నుంచి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా కంపెనీ, వాల్తేరుకు పైన బెంగాల్ నాగపూర్ కంపెనీ నడిపాయి. 1944లో మద్రాస్ కంపెనీ యాజమాన్యం సర్కారు చేతికి వచ్చింది. 1950లో నిజాం స్టేట్ రైల్వే కేంద్ర ప్రభుత్వానిదై, మరుసటి ఏడు సెంట్రల్ రైల్వేలో కలిసింది.

1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. సదరన్ రైల్వే నుంచి విజయవాడ, హుబ్లీ డివిజన్లు, సెంట్రల్ రైల్వే నుంచి సికింద్రాబాదు, షోలాపూరు డివిజన్లు తీసి కలిపారు. ముఖ్య కార్యాలయం సికింద్రాబాదు. 1977లో షోలాపూరు వెళ్ళిపోయి గుంతకల్లు వచ్చింది. 2003లో హుబ్లీ వెళ్ళిపోయింది, గుంటూరు, నాందేడు కొత్త డివిజన్లు అయినయి. 2019లో విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోను ప్రకటించారు. జోను ఎవరికి, డివిజను ఎక్కడ అని మన రాష్ట్రాల్లో ఎన్నో ఉద్యమాలు జరిగాయి. డివిజను లోపల ఎవరు ఎక్కడున్నారని మాత్రం ఏ అఖిలపక్షమూ అడగలేదు.

పైనుంచి కిందిదాకా దీని అమరిక చూడండి. ఢిల్లీలో రైల్వే బోర్డు, 1905లో ఏర్పడింది. దాని కింద జోనుకు జనరల్ మేనేజరు, డివిజనుకు డివిజనల్ మేనేజరు. ఆయన కింద బండ్లు నడిపే ఆపరేటింగు శాఖ, టికెట్లమ్మే కమర్షియల్ శాఖ, ఇంజన్లూ పెట్టెలూ చూసే మెకానికల్ శాఖ, పట్టాలు చూసే ఇంజనీరింగు శాఖ, ఆస్పత్రులతోపాటు పెద్ద స్టేషన్ల శుభ్రత చూసిన మెడికల్ శాఖ. బండి టైముకు వచ్చిందంటే ఇన్ని శాఖలు కలిసి పనిచేసినట్టు. ప్రయాణికుడికి కనపడేది గార్డు, టికెట్ కలెక్టరు, స్టేషన్ మాస్టరు. కనపడనివాళ్ళు గ్యాంగుమన్లు, కళాసీలు, సఫాయివాలాలు.

టికెట్టు ఇచ్చింది, ఇవ్వనిది

రైలు మనకేమీ ఇయ్యలేదంటే అది అబద్ధం. ఊళ్ళో చెప్పులు చేతబట్టుకొని నడవాల్సిన మనిషి టికెట్టు కొని పెట్టెలో కూచున్నాడు. టికెట్టు మీద తరగతి ఉంది, కులం లేదు. మూడో తరగతి పెట్టెలో ఎవరి పక్కన ఎవరు కూచున్నారో తేల్చడం ఎవరివల్లా కాలేదు. స్టేషన్లలో 'హిందూ నీళ్ళు', 'ముస్లిం నీళ్ళు' అని వేర్వేరుగా పెట్టింది ఈ భయంతోనే. 1974లో మూడో తరగతి పేరు తీసేసి రెండో తరగతి అన్నారు. జనరల్ బోగీ అదే.

కానీ టికెట్టు పని చేసింది బండి దిగేదాకానే. 1901లో తొమ్మిదేళ్ళ అంబేడ్కర్, అన్నతోనూ బంధువుల పిల్లలతోనూ కలిసి తండ్రి దగ్గరికి రైల్లో వెళ్ళి మసూరు స్టేషన్లో దిగాడు. మంచి బట్టల్లో ఉన్న పిల్లల్ని చూసి స్టేషన్ మాస్టరు దగ్గరికొచ్చి పలకరించాడు. మహర్లమని చెప్పగానే వెనక్కి జరిగాడు. బండివాళ్ళు ఎక్కించుకోమన్నారు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు - పిల్లలే తోలుకోవాలి, తాను పక్కన నడుస్తాడు. రైలు పెట్టెలో లేని అంటు స్టేషన్ గేటు దగ్గర కాచుక్కూచుంది. ఆ గేటు దగ్గర నిలబడి ఉన్నది రైల్వే ఉద్యోగి. ఈ వివరం మనం మరిచిపోరాదు.

మన్మాడులో చెప్పిన మాట

ఆ పిల్లవాడే 37 ఏళ్ళ తర్వాత రైల్వే గురించి మాట్లాడాడు. 1938 ఫిబ్రవరిలో, మన హైదరాబాదు లైను వెళ్ళి కలిసే మన్మాడులోనే, జి.ఐ.పి. రైల్వే దళిత కార్మికుల మహాసభ జరిగింది. కార్మికవర్గానికి ఇద్దరు శత్రువులున్నారు, బ్రాహ్మణవాదమూ పెట్టుబడిదారీ విధానమూ అని అంబేడ్కర్ చెప్పింది అక్కడే. ఈ మాట ప్రతి పోస్టరు మీదా కనిపిస్తుంది. అది రైల్వే కార్మికుల సభలో, రైల్వే కేడరు వివరాలతో పాటు చెప్పిన మాటని చాలామందికి తెలియదు.

ఆ వివరాలేమిటి? అంటరానివాడు రైల్వేలో గ్యాంగుమన్‌గా చేరి గ్యాంగుమన్‌గానే ముసలివాడవుతాడు. పోర్టరు పని కూడా అతనికి దొరకదు. ఎందుకంటే పోర్టరు స్టేషన్ మాస్టరు ఇంట్లో పనులు కూడా చెయ్యాలి. సవర్ణ స్టేషన్ మాస్టరు అంటరానివాణ్ణి ఇంట్లోకి రానివ్వడు. గుమాస్తా పోస్టులకు పెద్ద చదువులేం అక్కర్లేని చోట కూడా దళితుడికి చోటు లేదు. వర్కుషాపుల్లో మంచి పనుల్లోకి రానివ్వరు. యూనియన్లు దీన్ని గురించి నోరెత్తవు.

రైల్వే నిబంధనల్లో అంటరానితనం అన్న మాట ఎక్కడా ఉండదు. అయినా స్టేషన్ మాస్టరు వంటింటి ఆచారం రైల్వే పోస్టును నిర్ణయించింది. మార్క్స్ అంచనాకు ఇంతకన్నా సూటి జవాబు లేదు. పరిశ్రమ కులాన్ని కరిగించలేదు, గ్రేడుల కింద సర్దుకుంది.

ప్రమోషన్ల మీద యుద్ధం

దళితులకు కేంద్ర ఉద్యోగాల్లో 8.33 శాతం కేటాయింపు 1943లో, అంబేడ్కర్ వైస్రాయి కౌన్సిలులో ఉన్నప్పుడు వచ్చింది. రాజ్యాంగం దాన్ని హక్కు చేసింది. తలుపు కింది అంతస్తులో తెరుచుకుంది. మెట్లు ఎక్కడం మొదలుపెట్టేసరికి కోర్టులు వచ్చాయి. ఈ దేశంలో ప్రమోషన్లలో రిజర్వేషన్ల తగాదా చరిత్రలో సగం రైల్వే చరిత్రేనంటే అతిశయోక్తి కాదు.

1956 చివరి నుంచి 1962 దాకా రైల్వే మంత్రి బాబూ జగ్జీవన్ రాం. ఆయన హయాంలో, 1959లో, సెలక్షను పోస్టుల ప్రమోషన్లలో కూడా రిజర్వేషను పాటించాలని రైల్వే బోర్డు సర్క్యులర్లు ఇచ్చింది. సదరన్ రైల్వేలో కోర్టు ఇన్స్పెక్టర్ల పోస్టుల దగ్గర తగాదా వచ్చింది. రంగాచారి అన్న ఉద్యోగి మద్రాసు హైకోర్టులో గెలిచాడు. జనరల్ మేనేజరు సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1961లో ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు సర్క్యులర్లు చెల్లుతాయన్నారు, ఇద్దరు కాదన్నారు. ఒక్క ఓటు తేడాతో నిలిచిన హక్కు అది. అప్పుడు మన కోస్తా ప్రాంతపు బండ్లు నడిపిందీ సదరన్ రైల్వేనే. ఆ తీర్పు బెజవాడ యార్డులో పనిచేసే మాల, మాదిగ ఉద్యోగి సీనియారిటీ లిస్టు మీద కూడా పడింది.

1980లో మళ్ళీ రైల్వే బోర్డు సర్క్యులర్ల మీదే సోషిత్ కర్మచారీ సంఘ్ వేసిన కేసు వచ్చింది. 'సోషిత్' అంటే దోపిడీకి గురైనవాళ్ళు అని అర్థం. రిజర్వేషన్ల వల్ల నష్టపోయామని కేసేసినవాళ్ళు తమకు పెట్టుకున్న పేరది! జస్టిస్ కృష్ణయ్యర్, జస్టిస్ చిన్నపరెడ్డి ఉన్న ధర్మాసనం సర్క్యులర్లను నిలబెట్టింది. 1992 నవంబరులో మండల్ తీర్పు రంగాచారి తీర్పును తోసిపుచ్చి, ప్రమోషన్లలో రిజర్వేషన్లు ఐదేళ్ళే అన్నది. 1995లో 77వ సవరణ వాటిని తిరిగి నిలబెట్టింది. అదే ఏడాది అక్టోబరులో నార్తర్న్ రైల్వే గార్డుల కేసులో - వీర్‌పాల్ సింగ్ చౌహాన్ కేసు - ముందు ప్రమోషన్ పొందిన దళిత గార్డు కన్నా తర్వాత ప్రమోషన్ పొందిన జనరల్ గార్డు మళ్ళీ సీనియరే అవుతాడని తీర్పొచ్చింది. మెట్టు ఎక్కవచ్చు, ఎక్కినా వెనకే నిలబడాలన్నమాట. దాన్ని మార్చడానికి 2001లో 85వ సవరణ కావలసి వచ్చింది.

ఒక గార్డు ఏ బండి మీద వెళ్ళాలన్న లిస్టు కోసం రాజ్యాంగాన్నే సవరించాల్సి వచ్చిన దేశం మనది. 'మెరిట్' అన్న మాట ఈ తగాదాల్లో ఎన్నిసార్లు వినపడిందో లెక్కలేదు. పట్టాలు కడిగే పనిలో మెరిట్ గురించి మాత్రం ఎవరూ కోర్టుకు పోలేదు. ఆ పనికి నూరు శాతం రిజర్వేషను నడిచినా ఎవరి సమానత్వమూ దెబ్బతినలేదు.

పెట్టెలో దొడ్డి, పట్టాల మీద మనిషి

1909లో ఓఖిల్ చంద్రసేన్ అనే ప్రయాణికుడు సాహిబ్‌గంజ్ రైల్వే అధికారులకు ఒక ఉత్తరం రాశాడు. దొడ్డికి దిగితే బండి తనను వదిలి వెళ్ళిపోయిందని, జనంలో అభాసుపాలయ్యానని. ఆ ఉత్తరాన్ని ఢిల్లీ రైలు మ్యూజియంలో పెట్టారు. కింది తరగతి పెట్టెల్లో మరుగుదొడ్లు ఆ తర్వాతే వచ్చాయని చెప్పుకుంటారు. చదివిన వాళ్ళంతా నవ్వుకునే ఉత్తరం అది. నవ్వాక మనం అడగాల్సిన ప్రశ్న: ఆ మరుగుదొడ్డి కింద ఏముంది?

ఏమీ లేదు, బెజ్జం ఉంది. మలం నేరుగా పట్టాల మీద, కంకర మీద పడేది. అది నూరేళ్ళు సాగిన ఇంజనీరింగు డిజైను. ఏ ఇంజనీరయినా ఒక గొట్టం గీసినప్పుడు దాని చివర ఏముందో గీస్తాడు. ఇక్కడ గొట్టం చివర గీయకుండా వదిలేశారు, ఎందుకంటే ఎత్తిపోసే మనుషులు ఉన్నారని అందరికీ తెలుసు. 'స్టేషన్లో బండి ఆగినప్పుడు వాడరాదు' అని పెట్టెలో రాసిపెట్టారు, ఎవరూ వినలేదు. సికింద్రాబాదు, విజయవాడ లాంటి చోట్ల ప్లాట్‌ఫారం పక్కన పట్టాల కింద కంకర తీసి సిమెంటు చేశారు, కడగడానికి వీలుగా. కడగడానికి గొట్టం, చీపురు, మనిషి. ఊళ్ళ మధ్య పడినదాన్ని కంకరలోనే వదిలేశారు. ఆ కంకరను చేతుల్తో సర్దిందీ, పట్టాల బిగింపులు కీలుతో కొట్టిందీ గ్యాంగుమన్లు.

సఫాయివాలా పోస్టులోకి ఎవరొచ్చారో వేరే చెప్పక్కర్లేదు. కోస్తా పట్నాల్లో రెల్లివాళ్ళు, హైదరాబాదు ప్రాంతంలో మెహతర్లు, వాళ్ళతో పాటు మాదిగలు, మాలలు. మన రాష్ట్రం 2000లో చేసిన వర్గీకరణ చట్టంలో రెల్లి, తదితర కులాలకు ఒక శాతం ప్రత్యేకంగా ఇచ్చారు. అది 2004లో సుప్రీంకోర్టులో కొట్టుడుపోయింది. రైల్వే కేంద్ర సంస్థ కనుక, ఉన్నన్నాళ్ళూ ఆ చట్టం దానికి వర్తించనే లేదు. ఎస్సీ కోటా నిండిందని లెక్క చూపించడానికి సఫాయివాలాల హాజరు పట్టీ బాగా పనికొచ్చేది. ఆ లెక్కలో ఏ పనికి ఎందరు అన్న గడి వేసి చూస్తే కోటా అసలు రూపం తెలుస్తుంది.

చట్టం వచ్చింది, కాంట్రాక్టరు వచ్చాడు

పాకీపని నిషేధ చట్టం 1993లో వచ్చింది. అందులో రైలు పట్టాల ప్రస్తావన లేదు. మలాన్ని చేతులతో మోసేవాళ్ళ గురించే అది మాట్లాడింది. 2003లో సఫాయి కర్మచారీ ఆందోళన్ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. దానికి ముందు నిలిచిన బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల్లో పాకీపని చేసిన తెలుగు కుటుంబం బిడ్డ. 2013 చట్టంలో రైలు పట్టాలు అన్న మాట ఎక్కింది. కానీ అదే నిర్వచనం కింద ఒక వివరణ పెట్టారు: పరికరాలూ రక్షణ సామగ్రీ ఇచ్చి చేయిస్తే అది పాకీపని కిందకి రాదు. చేతికి తొడుగు తొడిగితే మలం మారదు, మనిషీ మారడు, నిర్వచనం మారుతుంది! 2014 మార్చి 27న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, పట్టాల మీద ఈ పని ఆపడానికి రైల్వే గడువు పెట్టుకొని పనిచెయ్యాలని ఆదేశించింది.

బయో టాయిలెట్లు 2011లో మొదలయ్యాయి. 2019 నాటికి పాసింజరు పెట్టెలన్నిటికీ బిగించామని రైల్వే చెప్పింది. ఇది నిజంగా పెద్ద మార్పు, కాదనకూడదు. ఉద్యమమూ కోర్టూ కలిసి ఒత్తిడి పెడితే నూరేళ్ళ డిజైను ఎనిమిదేళ్ళలో మారింది. అంటే సాంకేతికంగా అది ఎప్పుడో సాధ్యమే. కానీ ఆ తొట్టెల్లో సీసాలు, గుడ్డలు పడి మూసుకుపోతాయి. అట్లాంటి ఫిర్యాదులు పెద్ద ఎత్తున ఉన్నాయని 2017లో కాగ్ చెప్పింది. మూసుకుపోయిన తొట్టె తెరిచేది ఎవరు?

అక్కడికే వస్తున్నా. మలం పట్టాల మీద పడినన్నాళ్ళూ సఫాయివాలా పర్మనెంటు ఉద్యోగి. పని హీనమే. కానీ జీతం, పాసు, క్వార్టరు, రైల్వే ఆస్పత్రి, పింఛను ఉండేవి. ఆ జీతంతోనే రైల్వే కాలనీల్లో పిల్లలు బడికెళ్ళారు. ఇప్పుడు స్టేషన్ల శుభ్రత, పెట్టెల శుభ్రత, నడిచే బండ్లలో శుభ్రత 'హౌస్ కీపింగ్' పేరుతో కాంట్రాక్టులకు పోయింది. కాంట్రాక్టరు పెట్టుకునే మనిషికి రిజర్వేషను నియమం లేదు. పాసు లేదు, క్వార్టరు లేదు, సీనియారిటీ లిస్టు అసలే లేదు. రంగాచారి నుంచి వీర్‌పాల్ దాకా కోర్టుల్లో పోరాడి నిలుపుకున్నదంతా ఒక్క టెండరు కాగితంతో దాటేశారు. గౌరవం కోసం పని మార్చమని మనం అడిగాం. వాళ్ళు పని ఉంచి ఉద్యోగం తీసేశారు.

ఇంకోవైపు చూడండి. 2019లో ట్రాకు మెయింటెయినరు లాంటి లెవెల్-1 పోస్టులు 1,03,769 ప్రకటిస్తే కోటికి పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒకప్పుడు అంటరానివాడికి వదిలేసిన గ్యాంగు పనికి ఇప్పుడు అన్ని కులాల డిగ్రీ పిల్లలూ పోటీ పడుతున్నారు. పర్మనెంటు జీతం ఉన్నచోట కులం పోటీకి వస్తుంది. కాంట్రాక్టు చీపురు దగ్గరికి ఆ పోటీ రాదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే శ్రమ విభజన ఎంత కరిగిందో తెలుస్తుంది.

ప్రయాణికులుగా కూడా మన గతి ఈ నిర్ణయాల మీదే ఉంది. కరోనా పేరుతో 2020 మార్చిలో ఆపేసిన పాసింజరు బండ్లను తర్వాత 'ఎక్స్‌ప్రెస్ స్పెషల్' పేరుతో తిప్పారు. పది రూపాయల కనీస చార్జీ ముప్పయి అయింది. అదే బండి, అవే స్టేషన్లు. పాత చార్జీ 2024 ఫిబ్రవరిలో గాని తిరిగి రాలేదు. పట్నానికి కూలికొచ్చే మనిషికి రోజుకు రానూపోనూ నలభై రూపాయలు ఎక్కువంటే ఏమిటో ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ళకు తెలియక కాదు. అడిగేవాళ్ళు లేక.

అడగాల్సినవి

కార్యకర్తలు అడగాల్సింది ముందు లెక్క. డివిజనువారీగా, పనివారీగా, కాంట్రాక్టువారీగా శుభ్రత పనిలో ఎవరెవరున్నారో కులం గడితో సహా బయట పెట్టమనాలి. సమాచార హక్కు చట్టం 2005 నుంచీ మన చేతిలో ఉంది. కాంట్రాక్టు పనికి కూడా రిజర్వేషను, పాసు, ఆస్పత్రి కావాలనాలి. ఇన్నాళ్ళు ఆ పని చేసినవాళ్ళను ట్రాకు, పాయింట్లు, వర్కుషాపు పోస్టుల్లోకి శిక్షణ ఇచ్చి తీసుకోమనాలి. రైల్వే యూనియన్లు 1974 సమ్మె ఘనత చెప్పుకుంటాయి, మంచిదే. 1938లో మన్మాడులో వేసిన ప్రశ్నకు కూడా వాళ్ళు జవాబు చెప్పాలి.

విద్యార్థులూ ఉపాధ్యాయులూ చెయ్యాల్సింది ఇంకోటుంది. లాలాగూడ, కాజీపేట, డోర్నకల్, గుంతకల్లు, విజయవాడ సత్యనారాయణపురం - ఈ రైల్వే కాలనీల్లో పింఛను తీసుకుంటున్న గ్యాంగుమన్లు, సఫాయివాలాలు ఇంకా ఉన్నారు. వాళ్ళు చెప్పేది రాసిపెట్టాలి. వంతెన ఎప్పుడు కట్టారో, ఇంజను ఎక్కడ్నించి తెచ్చారో రైల్వే తన చరిత్రలో రాసుకుంది. ఆ వంతెన మీద తెల్లవారుజామున కీలు పట్టుకొని నడిచినవాడి పేరు అందులో లేదు. ఆ ముసలాళ్ళు పోకముందే మనం ఆ పేర్లు అడిగి రాసుకోవాలి.